తాతగారి 1972 అంబాసిడర్‌లో తెనాలి నుంచి షోలవరం వెళ్ళొచ్చా?

అడిగిన సంగతి క్లుప్తంగా: తాతగారి అంబాసిడర్ మార్క్ 2, 1972 మోడల్, పద్నాలుగేళ్ళుగా షెడ్డులో ఉంది. నాన్నగారి చిన్నప్పుడు ఆ బండిలోనే మద్రాసు రోడ్డు మీద, మద్రాసు దగ్గరి షోలవరంలో జరిగే కారు రేసులకి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు నాన్నగారిని కూర్చోబెట్టుకుని అదే దారిలో మళ్ళీ వెళ్ళాలని ఉంది. "బ్యాటరీ మార్చి, పెట్రోల్ పోసి, సెల్ఫ్ కొడితే చాలు" అని ఊళ్ళో మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? అంబాసిడర్లు కూడా అక్కడ రేసుల్లో పరిగెత్తేవని నాన్నగారు చెప్పేది నిజమేనా?

వెళ్ళొచ్చు. కానీ సెల్ఫ్ కొట్టకండి. పని మొత్తానికి రెండు మూడు నెలలు పెట్టుకోండి. ఇంజిన్ గురించి అంత బెంగ అక్కర్లేదు, ఆ 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్ మొండిది. ఇలాంటి బళ్ళు దారిలో ఆగిపోయేది మూడింటి వల్ల: ఎండిపోయిన రబ్బరు, తుప్పు పట్టిన ట్యాంకు, మూసుకుపోయిన రేడియేటర్. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం బ్రేకులు. అందుకే ఖర్చు పెట్టే వరస బ్రేకులు, టైర్లు, కూలింగ్, పెట్రోల్ లైను, ఆ తర్వాతే ఇంజిన్. రంగు, సీటు కవర్లు, క్రోమ్ తిరిగొచ్చాక చూసుకోవచ్చు. చాలామంది దీన్ని తిరగేస్తారు. తళతళలాడే బండి ఒంగోలు దాటకుండానే లారీ ఎక్కుతుంది.

సెల్ఫ్ ఎందుకు వద్దంటున్నానంటే, ఇన్నేళ్ళలో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఉండదు. ఏదో ఒక వాల్వు తెరుచుకుని ఉండిపోయిన సిలిండర్లోకి తేమ వెళ్ళి రింగుల దగ్గర సన్నగా తుప్పు కడుతుంది. సెల్ఫ్ మోటారు బలంగా తిప్పేస్తే రింగు విరగొచ్చు, గోడ మీద గీత పడొచ్చు. పది రోజుల ఓపికతో పోయేదానికి రీబోరింగ్ (సిలిండర్లు మళ్ళీ తొలిపించడం) ఖర్చు నెత్తిన పడుతుంది.

చేయాల్సింది ఇది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో 15-20 మి.లీ. పల్చటి ఆయిల్ పోయండి. ఇంజిన్ ఆయిల్, డీజిల్ సగం సగం కలిపినా సరిపోతుంది. రెండు రోజులు వదిలేసి మళ్ళీ పోయండి. ఆ తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు బంపరు దగ్గరి రంధ్రంలోంచి హ్యాండిల్ దూర్చి నెమ్మదిగా తిప్పండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి, పిడికిలి బిగించి చుట్టూ తిప్పకూడదు. ఎప్పుడూ కింది నుంచి పైకి లాగాలి, పైనుంచి కిందికి తొక్కకూడదు. ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు పిడికిలి బిగించినవాడికి మణికట్టు విరుగుతుంది. ప్లగ్గులు తీసేసి ఉన్నప్పుడు తన్నదు కానీ అలవాటు మొదటి రోజు నుంచే పడాలి. హ్యాండిల్ కదలకపోతే పైపు తగిలించి బలం పెట్టకండి. ఇంకో మూడు రోజులు నాననివ్వండి, అప్పటికీ కదలకపోతే హెడ్ విప్పడమే.

తిరిగిందా, అప్పుడు పాత ఆయిల్ దించేయండి. వీలైతే సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి చూడండి, అడుగున నల్ల జిడ్డు కుప్ప ఉంటుంది. ఫిల్టరు మార్చి, 20డబ్ల్యూ-50 గానీ 20డబ్ల్యూ-40 గానీ మామూలు మినరల్ ఆయిల్ సుమారు నాలుగు లీటర్లు పోసి డిప్‌స్టిక్ చూడండి. సింథటిక్ వద్దు, పాత సీళ్ళలోంచి కారొచ్చు. ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ తిప్పి, ఆయిల్ ప్రెషరు వచ్చినట్టు గేజ్‌లోనో లైటులోనో కనబడ్డాకే ప్లగ్గులు బిగించండి. బ్యాటరీ కలిపే ముందు ఏ టెర్మినల్ బాడీకి ఎర్త్ అయి ఉందో చూసుకోండి. ఆ కాలపు కొన్ని బళ్ళలో ప్లస్ ఎర్త్ ఉంటుంది. ఈ కాలపు అలవాటుతో తిప్పి కలిపితే డైనమో, దాని ఛార్జింగ్‌ని అదుపు చేసే కటౌట్ పోతాయి.

పెట్రోల్. ట్యాంకులో మిగిలింది ఇప్పుడు పెట్రోల్ కాదు, వార్నిష్. మూత తీసి వాసన చూస్తే పుల్లగా, పెయింటు డబ్బాలా కొడుతుంది. దాన్ని పూర్తిగా దించి, ట్యాంకు విప్పి, లోపల గుప్పెడు నట్లో పాత చైను ముక్కో వేసి కిరోసిన్ పోసి ఊపితే తుప్పు రాలుతుంది. నీళ్ళలా తేటగా వచ్చేదాకా కడగండి. లైనులోకి ట్యాంకు వైపు నుంచి గాలి కొట్టండి. పంపు డయాఫ్రం మార్చండి, పైకి బాగున్నా మార్చండి. కార్బొరేటర్లో ఫ్లోట్ నీడిల్, గాస్కెట్ల కిట్ కొత్తది వేయండి.

ఇక్కడ తాతగారి కాలంలో లేని సమస్య ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరు పైపుల్ని, డయాఫ్రాన్ని, కార్కు గాస్కెట్లని అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. ట్యాంకులో ఏళ్ళ తరబడి అంటుకున్న మడ్డిని కూడా కరిగించి ఫిల్టరులోకి తోస్తుంది. కాబట్టి ఇంజిన్ పక్కనున్న పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే ఫ్యూయల్ ఇంజెక్షన్ రకం హోసుతో మార్చండి. సైకిలు షాపులో దొరికే పారదర్శక ప్లాస్టిక్ పైపు వేస్తే రెండు నెలల్లో గట్టిపడి పగులుతుంది, అదీ వేడి మానిఫోల్డు మీద. పంపుకి ముందు చిన్న ఫిల్టరు ఒకటి పెట్టి, మొదటి వంద కిలోమీటర్లకే మార్చేయండి.

ఇథనాల్ వల్ల మిశ్రమం పల్చబడుతుంది (లీన్) కాబట్టి కార్బొరేటర్ కొంచెం రిచ్ చేయాలి, అంటే గాలిలో పెట్రోల్ పాలు పెంచాలి. మీది సోలెక్స్ కంపెనీ కార్బొరేటర్ అయితే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయండి. ఎస్‌యూ కంపెనీదైతే ఇంకా తేలిక. అడుగున ఉన్న జెట్ నట్టుని జెట్ కిందికి దిగేలా ఒక్కో ముఖం చొప్పున తిప్పండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, కార్బొరేటర్‌లోని పిస్టన్‌ని పక్కనున్న పిన్నుతో మిల్లీమీటరుకి కాస్త తక్కువ ఎత్తి వినండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే నిలబడితే రిచ్, ఆగిపోబోతే లీన్. ఒక్క క్షణం లేచి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పైనున్న డ్యాంపరులో పల్చటి ఆయిల్ ఉందో లేదో చూడటం మర్చిపోవద్దు. అది ఖాళీగా ఉంటే యాక్సిలరేటర్ తొక్కగానే బండి దగ్గుతుంది, మెకానిక్ డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్లని అనుమానిస్తాడు.

సీసం గురించి కూడా అడుగుతారు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. పోత ఇనుప హెడ్‌లో వాల్వు సీట్లు సీసం లేకపోతే అరుగుతాయన్నది నిజమే, కానీ అది నిండు వేగంతో గంటల తరబడి తోలేవాళ్ళ బెడద. 55-60లో వెళ్ళే మీకు ఈ ప్రయాణంలో ఏమీ కాదు. ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఖాళీ) మాటిమాటికీ తగ్గిపోతుంటే సీటు అరుగుతోందని అర్థం. అప్పుడు హెడ్ విప్పి గట్టి సీట్లు వేయించుకోండి.

ట్యాపెట్ల గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఏ వాల్వు ఎప్పుడు సెట్ చేయాలో గుర్తుపెట్టుకోవడానికి తొమ్మిది లెక్క ఉంది. ముందు నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసుకోండి. 8వది పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 7వది తెరుచుకున్నప్పుడు 2వది, అలా రెండూ కలిపితే తొమ్మిది రావాలి. పాయింట్ల గ్యాప్ కూడా 15 థౌ చుట్టూనే. ప్లగ్గు గ్యాప్ 25 థౌ, అంటే మామూలు హాక్సా బ్లేడు మందం. దారిలో ఫీలర్ గేజ్ లేకపోతే బ్లేడు ముక్కతో సరిచూసుకోవచ్చు. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2. పాత పాయింట్లు నల్లబడి ఉంటే సన్న ఎమరీతో రుద్ది వాడొచ్చు కానీ కండెన్సర్ మాత్రం పాతది నమ్మకండి. బండి వేడెక్కాక మిస్ కొట్టి, చల్లారాక బాగుందంటే ముందు కండెన్సర్, తర్వాత కాయిల్.

క్లచ్ పెడల్ తొక్కినా గేరు పడకపోతే ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకుపోయినట్టు. పెడల్ తొక్కి, సీటుకి పెడల్‌కి మధ్య కర్ర అడ్డం పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఇంజిన్ వేడి చేశాక తరచుగా దానంతటదే విడిపోతుంది. వెనక డిఫరెన్షియల్‌లో ఈపీ 90 ఆయిల్ మార్చండి.

కూలింగ్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎన్నో బళ్ళు పోయేది ఇక్కడే. రేడియేటర్‌ని విప్పి, కింది పైపులోంచి నీళ్ళు పైకి కొట్టి కడగండి. ఇటుక రంగు మడ్డి వచ్చినంతసేపూ ఆపకండి. కడిగి మళ్ళీ బిగించాక కోరు (మధ్యలోని సన్న గొట్టాల భాగం) మీద చేయి పెడుతూ చూడండి. ఇంజిన్ వేడెక్కినప్పుడు కొన్ని చోట్ల చల్లగా ఉంటే ఆ గొట్టాలు మూసుకుపోయినట్టే. అప్పుడు ట్యాంకు టంకం విప్పి రాడ్ కొట్టించాలి. ఇంజిన్ బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులు (నీళ్ళ దారికి మూతల్లా ఉండే రేకు బిళ్ళలు) గోరుతో నొక్కండి. సొట్ట పడితే మార్చండి, వాటి ఖరీదు ఎంతో కాదు. హోసులు అన్నీ కొత్తవి, హీటర్ పైపు ఉంటే అదీ.

మన మెకానిక్కులకి థర్మోస్టాట్ కనబడితే పీకేయడం ఒక అలవాటు. దాన్ని తీసేస్తే హైవే మీద ఇంజిన్ కావలసినంత వేడెక్కదు, ఆయిల్‌లో జిడ్డు చేరుతుంది, ట్రాఫిక్‌లో ఎలాగూ వేడెక్కుతుంది. మూసుకుపోయిన రేడియేటర్‌కి అది మందు కాదు. కొత్త థర్మోస్టాట్‌ని వేడినీళ్ళ గిన్నెలో వేసి తెరుచుకుంటుందో లేదో చూసి బిగించండి. ఇంకో తప్పు, క్యాప్. పాత అంబాసిడర్ రేడియేటర్‌కి ఏడు పౌండ్ల ఒత్తిడికి తెరుచుకునే క్యాప్ సరిపోతుంది. మారుతికి వచ్చే పదమూడు పౌండ్లది బిగిస్తే ఆ ఒత్తిడికి పాత టంకం ఊడుతుంది. ఫ్యాన్ బెల్ట్ మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

నాన్నగారికి కాన్వాస్ నీళ్ళ సంచి గుర్తుండే ఉంటుంది, బంపరుకి కట్టేవాళ్ళు. గుడ్డలోంచి చెమర్చిన నీరు గాలికి ఆవిరవుతూ లోపలి నీళ్ళని చల్లబరిచేది. తాగడానికీ రేడియేటర్‌కీ అదే. ఎండలో పంపులో పెట్రోల్ ఆవిరై బండి ఆగినప్పుడు ఆ నీళ్ళలో తడిపిన గుడ్డ పంపు మీద చుట్టేవారు. ఆ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది, పైగా ఈ20తో దాని అవసరం పెరిగింది. ఒక పాత తువ్వాలు డిక్కీలో ఉంచండి. కానీ వేడి ఇంజిన్లో చల్లనీళ్ళు పోయకండి, హెడ్ పగులుతుంది. అరగంట ఆగి, క్యాప్ మీద గుడ్డ వేసి, ముఖం పక్కకి తిప్పి తీయండి.

బ్రేకులు. 1972 బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, బూస్టరు లేదు, లైను ఒక్కటే. ఏ చక్రం దగ్గర చిన్న లీకొచ్చినా నాలుగూ ఒకేసారి పోతాయి, పెడల్ నేలకి దిగుతుంది. అందుకే "కిట్లు వేస్తే చాలు" అనే మాట వినకండి. మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి గోడ వేలితో తడిమి చూడండి. గరుకు తగిలితే కిట్ వేసినా నెల తిరక్కుండా కారుతుంది, స్లీవ్ వేయించాలి లేదా కొత్తది పెట్టాలి. వీల్ సిలిండర్లన్నీ అంతే. చక్రాల దగ్గరి ఫ్లెక్సిబుల్ హోసులు తప్పకుండా మార్చాలి. అవి బయటికి బాగానే కనబడి లోపల ఉబ్బి మూసుకుపోతాయి. పెడల్ వదిలినా చక్రం వదలకుండా పట్టేసిందంటే సగం సార్లు కారణం అదే, మెకానిక్ మాత్రం డ్రమ్ము లాత్‌కి పంపుతాడు. ఇనుప బ్రేక్ పైపుల్ని చాసిస్‌కి క్లిప్పు బిగించిన చోట విప్పి చూడండి. తుప్పు తినేది ఆ క్లిప్పు కిందే.

డాట్ 3 బ్రేక్ ఆయిల్, సీల్ తీయని డబ్బా. పాత లైనంతా కొత్త ఆయిల్‌తో కడిగాకే బ్లీడింగ్, అంటే లైనులోంచి గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. అడ్జస్టరుని చక్రం బిగుసుకునేదాకా తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వెనక్కి తీయాలి. లైనర్లు కొత్తవైతే మొదటి రెండు వందల కిలోమీటర్లకి మళ్ళీ సర్దాలి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ అలంకారం కాదు, ఉన్న ఒక్క లైను పోతే మిమ్మల్ని ఆపేది అదొక్కటే. వాలు మీద నిలిపి పరీక్షించండి.

స్టీరింగ్ వైపు ఒక పరీక్ష మీరే చేయొచ్చు. ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే బేరింగు వదులు, తొక్కినా ఉంటే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు) అరిగినట్టు. గ్రీజు నిప్పిల్స్ అన్నిటికీ పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టాలి. ఎండిన గ్రీజు రాయిలా బిగిసి గన్ను ఎక్కకపోతే నిప్పిల్ విప్పి శుభ్రం చేసి మళ్ళీ వేయండి, "ఎక్కింది సార్" అన్న మాట నమ్మకండి.

టైర్లు ఎంత అరగకున్నా పద్నాలుగేళ్ళ రబ్బరు పనికిరాదు. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అయిదూ మార్చండి, ట్యూబులతో సహా, స్టెప్నీని వదిలేయకండి. పంచరు షాపులో కారు అనగానే 32, 35 పౌండ్ల గాలి కొట్టేస్తారు. మీ మాన్యువల్లో ఉన్న అంకె ఇరవైల్లో ఉంటుంది. ఎక్కువ కొడితే బ్రేక్ వేసినప్పుడు బండి ఎగురుతుంది.

ఇవన్నీ అయ్యాక నేరుగా మద్రాసు వైపు తిప్పకండి. మొదట అయిదు కిలోమీటర్లు తెనాలి చుట్టూ, వచ్చి నాలుగు డ్రమ్ములూ చేత్తో తాకండి. ఒకటి మిగతావాటికంటే కాలుతుంటే అది పట్టేసింది. తర్వాత గుంటూరు దాకా వెళ్ళి రండి. ఆ తర్వాత ఒకే రోజు నూట యాభై కిలోమీటర్లు. ప్లగ్గు విప్పితే బిస్కెట్ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే లీన్, మసిగా ఉంటే రిచ్. ఆయిల్ ఎంత తగ్గిందో రాసుకోండి. మూడో పరీక్షలో ఏమీ ఊడకపోతేనే ప్రయాణం.

వెంట తీసుకెళ్ళాల్సినవి: ఫ్యాన్ బెల్ట్, పై, కింది హోసులు, పాయింట్లు, కండెన్సర్, రోటర్, రెండు ప్లగ్గులు, పంపు డయాఫ్రం, బ్రేక్ ఆయిల్, లీటరు ఇంజిన్ ఆయిల్, పది లీటర్ల నీళ్ళు, గాజు ఫ్యూజులు, బైండింగ్ వైరు, టేపు, పానాల సెట్టు, జాకీ. రెండు కిలోల ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డిక్కీలో కాదు, డ్రైవరు సీటు దగ్గర. బ్యాటరీకి చేత్తో తిప్పి తీసే కటాఫ్ ఒకటి బిగించుకోండి. పాత వైరింగుకి అంతకంటే చవకైన బీమా లేదు.

దారి సుమారు నాలుగు వందల కిలోమీటర్లు. గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ, గుమ్మిడిపూండి. అప్పుడు 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి. నాన్నగారికి గుర్తున్న రోడ్డు ఊళ్ళ మధ్యలోంచి పోయేది. ఇప్పటి బైపాస్ మీద వెళితే ఆయనకి సైన్‌బోర్డులు తప్ప ఏమీ కనబడవు. కాబట్టి ఒంగోలు, కావలి, నెల్లూరు దగ్గర బైపాస్ దిగి ఊళ్ళోకి వెళ్ళండి. బండికీ అది మంచిది, వేగం తగ్గుతుంది, బ్రేకులు చల్లబడతాయి. ఆగిన ప్రతిచోటా బానెట్ ఎత్తి ఒక చూపు, బండి కిందికి ఒక చూపు.

మొదటి రోజు తెల్లవారి బయల్దేరి నెల్లూరులో ఆగండి. సుమారు రెండొందల అరవై కిలోమీటర్లు, చేపల పులుసు వేళకి చేరతారు. రెండో రోజు మిగతా నూట యాభై. సూళ్ళూరుపేట దగ్గర పులికాట్ పక్షుల కాలమైతే ఒక గంట అక్కడ. సంక్రాంతి వెళ్ళాక, ఫిబ్రవరి సగం లోపు మంచి రోజులు: తుపాన్లు అయిపోయి ఉంటాయి, ఎండ ముదరదు. ఎడమ వరసలో 55-60. ముందున్న బండికి మీరు మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి. రాత్రి వద్దు. డైనమో బండి ఐడిలింగ్‌లో ఛార్జి చేయదు, హెడ్‌లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. వెనక లైట్లు ఈ కాలపు లారీ డ్రైవర్లకి కనబడవు కూడా, రిఫ్లెక్టర్ టేపు అంటించండి.

ఇక షోలవరం. నాన్నగారు చెప్పింది నిజమే. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే, మద్రాసుకి ఉత్తరాన కలకత్తా రోడ్డు దగ్గర. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ రేసులు నడిపింది. విజయ్ మాల్యా, కోయంబత్తూరు కరివర్ధన్ లాంటివాళ్ళు రేసు కార్లలో అక్కడ పోటీపడ్డారు. కానీ మామూలు జనానికి నచ్చింది తమ వీధిలో తిరిగే బళ్ళే రేసులో కనబడటం: బొంబాయి ఫియట్, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, ఉత్తరపాడా నుంచి వచ్చే అంబాసిడర్. హెడ్ గీయించి కంప్రెషన్ పెంచడం, రెండు కార్బొరేటర్లు పెట్టడం, సైలెన్సర్ పీకి తిన్నటి పైపు వేయడం, లోపలి సీట్లన్నీ తీసేయడం, ఆ కాలపు ట్యూనింగ్ అంటే ఇదే. 1089 సీసీ ఫియట్ కంటే అంబాసిడర్ ఇంజిన్ పెద్దదే. అయినా ఫియట్ బరువు 900 కిలోల దరిదాపు, అంబాసిడర్ అంతకంటే రెండు వందల కిలోలు పైనే. రన్‌వే మీద తిన్నగా ఉన్నంతసేపూ తేడా తెలియదు, చివర మలుపు దగ్గర బ్రేక్ వేయాల్సి వచ్చినప్పుడు ఆ బరువంతా డ్రమ్ముల మీద పడేది. ఇప్పుడు మీరు సరిచేయించే డ్రమ్ములు ఆ తరహావే.

అక్కడిప్పుడు రేసులు జరగవు. క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది, 1990 నుంచి పోటీలన్నీ అక్కడే. షోలవరం రన్‌వే మీద బండి తిప్పొచ్చని అనుకుని వెళ్ళకండి, బయటి నుంచి చూడటానికే సిద్ధపడండి. నాన్నగారికి రేసు చూడాలనే ఉంటే ఇరుంగట్టుకోట్టైలో పోటీల తేదీలు చూసుకుని దానికి తగ్గట్టు ప్రయాణం పెట్టుకోండి. దానికి మద్రాసు ఊరు దాటి బెంగళూరు రోడ్డు ఎక్కాలి. నగరం మధ్యలోంచి కాకుండా అవుటర్ రింగ్ రోడ్డు పట్టండి, ఆ ట్రాఫిక్‌లో పాత రేడియేటర్‌ని ఉడికించొద్దు.

కాగితాలు, పని మొదలుపెట్టక ముందే. తాతగారి పేరు మీదే ఆర్‌సీ ఉంటే, యజమాని చనిపోయినప్పుడు వారసుల పేరుకి మార్చే ఫారం 31 ముందు. తర్వాత ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫారం 25. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి చేయించాలి, మీది లాప్స్ అయి ఉంటుంది కాబట్టి ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్సు పడతాయి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఫాస్టాగ్, ఇవన్నీ ఆర్‌సీ చెల్లుబాటైతేనే.

ఎవరో ఒకరు "యాభై ఏళ్ళు దాటింది కదా, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించెయ్" అంటారు. 2021 నిబంధనల ప్రకారం 'వీఏ' అక్షరాలతో ఆ నంబరు వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజువారీ రోడ్ల మీద తిరగడానికి లేదు, ప్రదర్శనకో వింటేజ్ ర్యాలీకో సర్వీసింగ్‌కో పెట్రోల్‌కో మాత్రమే. తెనాలి నుంచి షోలవరం సొంతంగా వెళ్ళాలనుకునే మీకు అది వద్దు. మామూలు రెన్యువల్ చేయించి తాతగారి పాత నంబరే ఉంచుకోండి.

చివరగా, బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూడండి. ఒకప్పుడు చాలా అంబాసిడర్లకి డీజిల్ ఇంజిన్లు మార్చి వేశారు, కొన్నిటికి ఆర్‌సీలో ఎక్కించలేదు. నంబరు తేడా వస్తే పైన చెప్పిన పనులేవీ మొదలుపెట్టకుండా ముందు ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్ళండి. సరిపోతే ప్లగ్గులు విప్పి నూనె పోయండి. హ్యాండిల్ తిరిగిందో లేదో, రేడియేటర్లోంచి ఏ రంగు నీళ్ళు వచ్చాయో, కార్బొరేటర్ ఎస్‌యూనా సోలెక్సా ఇక్కడ రాయండి. తర్వాతి పని దాన్నిబట్టి చెబుతాను.